డాక్టరుకు చేరని నా ప్రశ్న

మార్చి 9, ఆదివారం

అక్కకు తమ్ముడి నమస్కారాలు. బావగారికి కూడా.

మేమంతా క్షేమం అని మొదలుపెట్టాలి. మణికట్టులో నొప్పి పోయింది కాబట్టి డాక్టరు దృష్టిలో నేను క్షేమమే. కత్తెర ఆడుతోంది, టైలరు దుకాణం నడుస్తోంది కాబట్టి నీ దృష్టిలోనూ క్షేమమే. క్షేమమంటే నాకేమిటో మీరిద్దరూ అడగలేదు.

ఈ సంగతి ఎదురుగా కూర్చుని మాట్లాడాల్సింది. కానీ పోట్లాటలో ఓడిపోయేటప్పుడు నువ్వు కళ్లు మూసుకుంటావు. చెవిటివాడి నోరు మూయించడానికి అంతకన్నా సులువైన దారి లేదని చిన్నప్పుడే కనిపెట్టావు. ఉత్తరం చదవాలంటే మాత్రం కళ్లు తెరవక తప్పదు.

మొన్న నీకు జ్వరమన్నావని ఆసుపత్రికి ఒక్కడినే వెళ్లాను. డాక్టరు నీ కోసం నా వెనక్కి చూశాడు. ఎప్పుడూ అంతే, చెయ్యి నాది పట్టుకుని మొహం నీది చూస్తాడు. నువ్వు లేకపోయేసరికి ఫోను తీసి దానితో మాట్లాడాడు. మాటలు అక్షరాలై తెర మీద పడ్డాయి. చిటికెన వేలు, ఉంగరం వేలు ఎప్పటికి ముడుచుకుంటాయని రాసి అడిగాను. ఇక ముడుచుకోవన్నాడు. వాటిని ఆడించే నరాన్ని గడ్డ చుట్టుకుని ఉందని, దాంతోపాటు నరమూ పోతుందని ఆపరేషనుకు ముందే చెప్పాడట. నాకంతా వివరించానని, నేను ఒప్పుకున్నానని నువ్వు అన్నావట. నేను తప్పు చదివానేమోనని మళ్లీ చదివాను.

అక్కా, ఆ రోజు నిన్ను ఒక్కటే అడగమన్నాను. కోసిన తర్వాత వేళ్లు మునుపటిలా ఆడతాయా, ఆడవంటే నొప్పి భరిస్తాను, ఆపరేషను వద్దు అని. డాక్టరు పెదవులు చాలాసేపు కదిలాయి. నువ్వు నాకు చెప్పింది మాత్రం చిన్న గడ్డేనట, భయం లేదట అని. మిగతాదంతా వాన గురించా అని వేళాకోళం కూడా ఆడాను. నువ్వు నవ్వి సంతకం పెట్టమన్నావు. నువ్వు చూపించిన చోటల్లా పెడతాను కదా, వెర్రివాణ్ణి.

నీ ఉద్దేశం నాకు తెలుసు. గడ్డ ముదిరితే చెయ్యే పోతుందేమోనని భయపడ్డావు. చెబితే వాడికి అర్థం కాదు, హడలిపోతాడు అనుకున్నావు. మంచికే చేశావు, సరే. కానీ నాకు వినపడదు కాబట్టి ఆలోచన కూడా రాదని ఎప్పటి నుంచి అనుకుంటున్నావు? పరాయివాళ్లు అనుకుంటే నవ్వుకుంటాను. చేతుల భాష నాతో పాటు కూర్చుని నేర్చుకున్నదానివి, నువ్వూ అలాగే అనుకున్నావు.

మా ఇంట్లో కబుర్లన్నీ చేతులతోనే కదా. బళ్లో వాగుడు ఎక్కువైందని నా చేతుల మీద నన్నే కూర్చోబెట్టేవారు, అంత వాగుడుకాయను. ఇప్పుడు నేనేదైనా చెబితే నీ మరదలు కనుబొమ్మలు ముడిచి, ఏమిటీ, మళ్లీ చెప్పు అంటోంది. ఊరంతా అడిగే ఆ మాట పెళ్లయిన తర్వాత తను ఎన్నడూ అడగలేదు. మా చిన్నమ్మాయి నన్ను చూసి ఆ రెండు వేళ్లూ ముడవకుండానే మాటలు నేర్చుకుంటోంది, అలాగే అనాలి కాబోలు అనుకుని. దానికి నా నత్తి అంటించాను.

ఇకమీదట ఆసుపత్రికి నేనే వెళతాను. నీకు రావాలనిపిస్తే రా, పక్కన కూర్చో. నా తరఫున మాత్రం మాట్లాడకు.

సెలవు,
తమ్ముడు

తా.క.: ఉత్తరం మడిచాక బావగారు తన ప్యాంటు కోసం దుకాణానికి వచ్చారు. నీ జ్వరం తగ్గిందా అని రాసి అడిగితే తెల్లబోయారు. నీకు అసలు జ్వరమే రాలేదట. ఆసుపత్రికి ఎదురుగా నిలబడి, నేను బయటికి వచ్చేదాకా చూసి, ఇంటికెళ్లి ఏమీ తినకుండా పడుకున్నావట. డాక్టరు చెప్పేస్తాడని తెలిసే నన్ను ఒక్కణ్ణి పంపావన్నమాట. నాకు చెప్పాల్సిన ఈ ఒక్క మాట కూడా పరాయివాడితో చెప్పించావు. నువ్వే చెప్పి ఉంటే పోట్లాడేవాణ్ణి అక్కా. మర్నాటికి మళ్లీ మాట్లాడుకునేవాళ్లం.