గుమ్మడి కేకులో కాయం పొడి

కిరందుల్, కార్తీకం, శుక్రవారం రాత్రి

ఆర్డర్ పెట్టిన కేకు మసాలా ఇవాళా రాలేదు. పురుడొచ్చినప్పటి నుంచి సరిగా తినని సుజాత, మొన్న నోరు తెరిచి గుమ్మడికాయ కేకు కావాలంది. ఆ మసాలాలో ఏముంటాయో ఫోన్లో చూశాను. శొంఠి, లవంగం, జాజికాయ, చెక్క. దోర్నపాల్ నుంచి అత్తయ్య దంచి తెచ్చిన కాయం పొడి డబ్బా మూత తీస్తే అవే వాసనలు! సుజాత నాలిక్కి తగలనివ్వని బాలింత మందు అది. రెండు చెంచాలు పిండిలో కలిపేశాను.

ఓవెన్ వాసనకి అత్తయ్య వంటింట్లోకి వచ్చారు. "ఏంది అల్లుడు, బాలింతకు గుమ్మడికాయ పెడ్తరా? వాతం చేస్తది!"

"మీ కాయమే వేశానత్తయ్యా."

పొంగిన కేకు వంక కాసేపు చూశారు. "అట్లయితే... చిన్న ముక్క పెట్టున్రి."

సుజాత మూడు ముక్కలు తింది. ఎక్కడో చలిదేశంలో గుమ్మడికాయకి కలిపేదీ, దోర్నపాల్‌లో పచ్చి బాలింతకి పెట్టేదీ దాదాపు ఒకటే పొడి. ఎవరు ఎవరికి చెప్పి ఉంటారు?

అయినా వాతం మాట మనసులోంచి పోలేదు. ఇందాక ఉయ్యాల మీదికి వంగి చూశాను. పాప హాయిగా నిద్రపోతోంది. నోటి దగ్గర పాలవాసన. అందులో సన్నగా, జాజికాయ...