గేర్‌బాక్స్ ఒక్కటే

7 డిసెంబర్ 2003, ఆదివారం. సాయంత్రం 5.30

పంజాగుట్టలోని మా అపార్ట్‌మెంట్ల సర్వసభ్య సమావేశం ముగిసింది. ముప్పై రెండేళ్లు కాలేజీలో చరిత్ర చెప్పాను. ఇంత చిన్న సభలో ఇంత పెద్ద కుట్ర ఏ రాజ్యంలోనూ జరిగినట్టు చదవలేదు.

తీర్మానం: నడవని బండికి సెల్లార్‌లో చోటు లేదు.

నడవని బండి ఒక్కటే ఉంది. నాది. ఇంగ్లండులో తయారైన ఎర్ర స్పోర్ట్స్ కారు. రెండు సీట్లు, వెనక్కి మడిచే టాపు. 1981లో కొన్నాను. గేర్లు పడక ఆరేళ్లుగా కదల్లేదు.

కుట్రదారు: కార్యదర్శి హనుమత్ప్రసాద్. బస్సు డిపోలో మెకానికల్ ఇంజనీరుగా రిటైరయ్యాడు. పదకొండేళ్ల క్రితం రెండు ఓట్ల తేడాతో నన్ను ఓడించి ఆ కుర్చీ ఎక్కాడు, ఇంకా దిగలేదు.

"సత్యనారాయణగారూ, ముప్పై ఒకటో తారీఖు పొద్దున్న పదింటికి మీ కారు పంజాగుట్ట సర్కిల్ దాకా నడిచి వెళ్లి, నడిచి వస్తే చోటు మీదే. లేదంటే మూడో అంతస్తు ప్రమోద్‌కి ఇచ్చేస్తాం."

ప్రమోద్ అమీర్‌పేటలో నాలుగు నెలలు జావా నేర్చుకున్నాడు, కొత్త కారు కొంటున్నాడు. నేను నలభై ఏళ్లు చదివాను, ఉన్న కారుకి చోటు పోతోంది.

8 డిసెంబర్. ఉదయం 6.10

ప్రతిజ్ఞ రాశాను.

ఒకటి: గేర్‌బాక్స్ బాగుచేయించాలి. అదొక్కటే.
రెండు: "ఎలాగూ దించాం కదా" అనే మాట ఎవరూ అనకూడదు. నేను అసలే అనకూడదు.
మూడు: 20వ తేదీకల్లా కారు ఇంట్లో.

సాక్షి సంతకం మా ఆవిడ ఉదయలక్ష్మి చేసింది. "ముప్పై ఒకటిన నేనూ ఎక్కుతానండీ. కొత్త చీర తీసిపెట్టుకుంటా" అంది. బ్రహ్మాండం!

10 డిసెంబర్. మధ్యాహ్నం 12

తాడు కట్టి ట్రాలీ ఆటో వెనక లాగించుకుని సనత్‌నగర్ చేరాం. సాలమన్ షెడ్డు. పాత విదేశీ బళ్లు చూడటంలో చెయ్యి తిరిగినవాడని పేరు. కారు కిందికి దూరే ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేశాడు. నాకు నచ్చింది. ఇంజనీర్లకు ఇంత వినయం ఉండదు.

11 డిసెంబర్. సాయంత్రం 4

గేర్‌బాక్స్ దిగింది! లోపల రెండు పళ్లు విరిగాయి. అంతే! వారం రోజుల పని.

సాలమన్ క్లచ్ ప్లేట్ ఎత్తి చూపించాడు. "ఎట్లాగూ దింపినం గద సార్. గిది సుత మార్చుకుంటే మల్ల ఫికర్ ఉండది."

ఆ మాట నిషేధమని చెప్పాను. కానీ న్యాయంగా చూస్తే క్లచ్ ప్లేట్ గేర్‌బాక్స్‌కి ఆనుకునే ఉంటుంది. పక్కవాటా వాళ్లు పరాయివాళ్లు కారు. ఒప్పుకున్నాను. ప్రతిజ్ఞ చెక్కు చెదరలేదు.

13 డిసెంబర్. ఉదయం 9.20

లిఫ్టులో హనుమత్ప్రసాద్ దొరికాడు. లేదా నేను దొరికాను.

"గేర్‌బాక్స్ దించారటగా. ఇంజిన్‌కీ దానికీ మధ్య వేలెడంత ఇత్తడి బుష్ ఉంటుంది. మార్పించెయ్యండి. అది అరిగితే క్లచ్ ఎంత తొక్కినా గేరు పడదు. డిపోలో ముప్పై ఏళ్లు చూశాను."

నా కారు గురించి నాకు చెబుతాడు! నా దగ్గర కంపెనీవాళ్ల మాన్యువల్ ఉంది, మూడుసార్లు చదివాను, మార్జిన్లలో పెన్సిల్‌తో వ్యాఖ్యానం కూడా రాశాను. బస్సులు చూసినవాడికి నా కారేం తెలుస్తుంది?

మధ్యాహ్నం 1.00. షెడ్డులో సాలమన్ అదే బుష్ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"సార్, గీ బుష్ మస్తు అరిగింది. మారుస్త."

"నీకెవరు చెప్పారు? హనుమత్ప్రసాద్ ఫోన్ చేశాడా?"

"ఆయనెవరు సార్? ఏలు పెట్టి చూస్తే తెల్వదా?"

"వద్దు. ప్రతిజ్ఞ ప్రతిజ్ఞే. అదనపు పనులు లేవు."

ఈ దృఢత్వం నాలో ఉందని నాకే తెలియదు.

16 డిసెంబర్. సాయంత్రం 5

గేర్‌బాక్స్ దించాలంటే సైలెన్సర్ విప్పాలి. విప్పితే చేతిలోకి పొడిపొడిగా వచ్చింది. కాబట్టి కొత్త సైలెన్సర్. అది కొత్తదైతే ఇంజిన్ కింది రబ్బరు దిమ్మలు కూడా కొత్తవి కావాలి, లేకపోతే అదురుకి ఇదీ పోతుంది.

సామ్రాజ్యాలన్నీ ఇలాగే పెరిగాయి. ఉన్న సరిహద్దు కాపాడుకోవడానికి పక్క ఊరు, పక్క ఊరు కాపాడుకోవడానికి ఆ పక్క ఊరు. తరవాత ఏమయ్యాయో క్లాసులో చెప్పేవాణ్ని. ఇక్కడ రాయను.

19 డిసెంబర్. ఉదయం 11

ఒప్పుకున్న పనులు:
క్లచ్ ప్లేట్
ఆయిల్ సీళ్లు
సైలెన్సర్
రబ్బరు దిమ్మలు
టాపు గుడ్డ (షెడ్డు పక్కనే కుట్టేవాడున్నాడు, నా తప్పు కాదు)
సీట్ల తోలు (మా ఆవిడ కొత్త చీర పాడవుతుంది)
హారన్, రెండు గొంతులది (హనుమత్ప్రసాద్ కిటికీ కోసం)

ఒప్పుకోని పని: బుష్.

సాలమన్ మళ్లీ అడిగాడు. "సార్, గన్ని చేస్తున్నం. గా బుష్ ఒక్కటి ఏం పాపం చేసింది?"

"అది నాకూ ఆయనకూ మధ్య విషయం."

"ఏ ఆయన సార్?"

20 డిసెంబర్

కారు ఇంట్లో లేదు. "20వ తేదీ" పక్కన "సుమారుగా" అని చేర్చాను. ఉదయలక్ష్మి చూసి, తన సంతకం కొట్టేసింది.

23 డిసెంబర్. సాయంత్రం 6

ఘోరం. కారు నాలుగు దిమ్మల మీద ఉంది. సీట్లు ఒకచోట, టాపు ఒకచోట, గేర్‌బాక్స్ బల్ల మీద. రేపటి నుంచి మూడు రోజులు షెడ్డు బంద్. క్రిస్మస్! ప్రపంచ చరిత్ర అంతా తెలిసినవాడికి ఈ తేదీ ఎలా మరుపున పడిందో!

25 డిసెంబర్. ఉదయం 11.40

శుభాకాంక్షలు చెప్పే నెపంతో సాలమన్ ఇంటికి వెళ్లాను. తెల్ల చొక్కా వేసుకుని చర్చి నుంచి అప్పుడే వచ్చాడు. "ఒక్క గంట..." అన్నానో లేదో, లోపలి నుంచి అతని భార్య జీవమణి వచ్చింది.

"పండుగ పూట సుత కారు ముచ్చటేనా సార్? ఈయన ఇయ్యాల స్పానర్ ముట్టడు. కేక్ తినుండ్రి."

మూడు ముక్కలు తిన్నాను. బాగుంది. అది వేరే సంగతి.

30 డిసెంబర్. సాయంత్రం 5.15

అన్నీ బిగించాం. అద్దంలా మెరుస్తోంది. ఇంజిన్ పిల్లిలా గురగురమంటోంది. హారన్‌కి వీధి కుక్కలు లేచి నిలబడ్డాయి!

ఒక చిన్న విషయం. గేరు పడటంలేదు.

"బుష్ సార్," అన్నాడు సాలమన్, చేతులు తుడుచుకుంటూ. "క్లచ్ తొక్కినా లోపల తిరుగుడు ఆగుతలేదు. మల్ల దింపాలె. రెండు రోజులు."

"రేపే పరీక్ష. కొత్త సామాను కదా, అలవాటు పడుతుంది."

"సామాన్లకు అలవాట్లుండయ్ సార్."

చివరికి ఉపాయం చెప్పాడు. ఇంజిన్ ఆపి, గేరు వేసి, అప్పుడు సెల్ఫ్ కొట్టాలి. కారు గెంతుకుంటూ బయల్దేరుతుంది. ఆగితే మళ్లీ మొదట్నుంచి. ఇంటిదాకా అలాగే తనే నడిపి తెచ్చి దింపాడు. కిటికీలోంచి హనుమత్ప్రసాద్ చూశాడు. హారన్ కొట్టాను.

31 డిసెంబర్. సాయంత్రం 4

ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

10.00: గేటు దగ్గర మినిట్స్ పుస్తకంతో హనుమత్ప్రసాద్. వీధిలో పసుపు రాసిన కొత్త కారుతో ప్రమోద్. నా పక్కన ఉదయలక్ష్మి, కొత్త చీర.

10.02: గేరు వేసి సెల్ఫ్ కొట్టాను. ఒక్క గెంతులో గేటు దాటాం! వాచ్‌మన్ చప్పట్లు కొట్టాడు. దారంతా హారన్ మోగిస్తూనే ఉన్నాను.

10.09: పంజాగుట్ట సర్కిల్. ఎర్ర దీపం. ఆపాను. పచ్చ దీపం. గెంతాం. సర్కిల్ తిరిగాం. సగం గెలిచాను!

10.14: మళ్లీ ఎర్ర దీపం. ఆపాను. పచ్చ దీపం. సెల్ఫ్ మూలిగి ఊరుకుంది. హారన్ బ్యాటరీని తాగేసింది. వెనక మూడు బస్సులు, లెక్కలేనన్ని ఆటోలు. "ఓ పెద్దమనిషీ, షోరూం అనుకుంటున్నవా?" అని ఎవడో అరిచాడు.

అమీర్‌పేట కోచింగుకి వెళ్తున్న కుర్రాళ్లు నలుగురు ఫైళ్లు నా సీటు వెనక పడేసి తొయ్యడం మొదలుపెట్టారు. కాసేపటికి బరువు తేలికైంది. తిరిగి చూశాను. ఒక పక్క ప్రమోద్. ఇంకో పక్క, అతన్ని వెనక కూర్చోబెట్టుకుని వచ్చి స్కూటర్ ఫుట్‌పాత్ ఎక్కించిన హనుమత్ప్రసాద్. అరవై ఎనిమిదేళ్ల మనిషి చెమటలు కక్కుతూ నా కారు తోస్తున్నాడు.

"బుష్... మార్పించారా?" అన్నాడు ఆయాసపడుతూ.

నేను రోడ్డు వైపు చూశాను.

"లేదండీ," అంది ఉదయలక్ష్మి. "మీరు చెప్పారని మార్పించలేదు."

గేటు దాకా అలాగే తోసుకొచ్చారు.

సెల్లార్‌లో ఆయన మినిట్స్ పుస్తకం నా బానెట్ మీద పెట్టి రాశాడు: కారు సగం దారి నడిచింది. నెల రోజులు గడువు. ప్రమోద్‌కి అభ్యంతరం లేదు. బుష్ మార్చేటప్పుడు కార్యదర్శి దగ్గరుండాలి.

"అంకుల్, నా కారు వీధిలో పెట్టుకుంటాలెండి. మీ హారన్ మాత్రం సూపర్," అన్నాడు ప్రమోద్.

దయ! నన్ను తిట్టి ఉంటే జవాబు చెప్పేవాణ్ని. ఓడించి ఉంటే మళ్లీ నిలబడేవాణ్ని. పదకొండేళ్లలో ఆయన నాకు చేసిన అన్ని ద్రోహాల్లోకీ ఇది పెద్దది.

1 జనవరి 2004, గురువారం. ఉదయం 6.10

కొత్త ప్రతిజ్ఞ.

ఒకటి: బుష్. అదొక్కటే.
రెండు: ఆ మాట ఎవరూ అనకూడదు.

సాక్షి సంతకానికి ఉదయలక్ష్మి ఒప్పుకోలేదు.

11.00: హనుమత్ప్రసాద్ వచ్చాడు. నా మాన్యువల్ అడిగి తీసుకున్నాడు. మార్జిన్లలో నా పెన్సిల్ వ్యాఖ్యానం చదివాడు. రెండుచోట్ల తల ఊపాడు, ఒకచోట దిద్దాడు. దిద్దుబాటు సరైనదే. సాక్షి సంతకం కూడా చేశాడు. తరవాత కాఫీ తాగుతూ అన్నాడు:

"ఎలాగూ దించుతున్నాం కదండీ, స్టీరింగ్ కూడా విప్పి చూస్తే?"

రెండో నియమం వేలితో చూపించాను. కళ్లజోడు సర్దుకుని చదివాడు. "నిజమే," అని, దాని కిందే "స్టీరింగ్" అని రాశాడు.

కొట్టెయ్యలేదు. ఆయన మాట కాదంటే ఏమవుతుందో నిన్ననే చూశాను. అయినా ప్రతిజ్ఞ తప్పింది నేను కాదు. ఆయన.