రైలు సంగతి వేరు

ఫిబ్రవరి 3, సోమవారం

ఇవాళ్టి కాలమ్ పంపేశాను. పద్దెనిమిదేళ్లుగా అదే పేజీ, అదే మూల, అదే కోపం. ఊళ్లో పనిచేసేవాడికి ఊళ్లోనే ఇల్లుండాలి. రోడ్డు కార్లవాళ్ల సొత్తు కాదు. బస్సెక్కేవాడి టైముకి విలువ లేదా? ఎన్నిసార్లు రాశానో. చదివేవాళ్లకి విసుగొచ్చే ఉంటుంది. రానీ.

మధ్యాహ్నం అసోసియేషన్ ప్రెసిడెంటు వచ్చాడు. పళ్ల డాక్టరు. మనతో మాట్లాడుతూ మన నోట్లోకే చూస్తుంటాడు. మ్యాపు పరిచాడు. సముద్రం ఒడ్డు వెంబడి రైలు వేస్తారట. మా వీధి చివర స్టేషన్. స్టేషన్ చుట్టూ ఎనిమిదంతస్తుల బ్లాకులు. మా బాల్కనీ ఎదురుగా మూతబడ్డ ఐస్ ఫ్యాక్టరీ స్థలంలోనే మొదటిది. ప్రతి బ్లాకులో నాలుగో వంతు ఫ్లాట్లు ఈ చుట్టుపక్కల పనిచేసేవాళ్లకి తక్కువ అద్దెకివ్వాలట. అభ్యంతరాలు మీ చేత్తో రాస్తే ఆ బలమే వేరు సార్ అన్నాడు.

నా కాలమ్ ఎప్పుడైనా చదివావా అని గెంటెయ్యాల్సింది. కాఫీ ఇచ్చాను.

ఫిబ్రవరి 5, బుధవారం

వద్దనడానికి కారణాలు లేకపోలేదు. బిల్డర్లు దిగుతారు. తక్కువ అద్దె ఫ్లాట్లు కాగితం మీదే మిగులుతాయి. తీరం కోసుకుపోతుంది. అన్నీ నిజాలే. కోపం వస్తే నాకు అబద్ధాలు తట్టవు. నిజాలే పిలిచినట్టు వచ్చి వరుసలో నిలబడతాయి.

అక్కకి చదివి వినిపించాను. అక్క రిటైరైన లెక్కల టీచరు. రెండేళ్ల కిందట పక్షవాతమొచ్చి ఎడమవైపు పడిపోయింది. నోరు మాత్రం పడిపోలేదు. నా పెళ్లి పెటాకులయ్యాక ఈ ఫ్లాట్లోనే, ఆమె పంచనే ఉంటున్నాను. మధ్యాహ్నం మూడు దాటితే బ్లాకు నీడ మన బాల్కనీ మీద పడుతుంది, నీకు సాయంత్రపు ఎండ ఉండదు అని కూడా రాశాను. నా ఎండని నీ వ్యాసంలోకి లాగకు, నీ టేబుల్ దగ్గర కిటికీలోంచి కనపడే సముద్రం గురించి రాసుకో అంది.

రాయలేదు. కానీ అదే.

ఫిబ్రవరి 12, బుధవారం

అక్కని చూసుకునే సిస్టర్ తొమ్మిదిన్నరకి వచ్చింది. రోజూ ఏడున్నరకి వచ్చే మనిషి. రెండో బస్సు దారిలో ఆగిపోయిందట. అప్పటిదాకా అక్క తడిసిన దుప్పటి మీదే ఉంది. నేను లేపబోతే, వద్దు, పడేస్తావు అంది. నిజంగానే పడేసేవాణ్ణి.

ఆమె నర్సు చదవలేదు. అందరూ సిస్టర్ అంటారు, మేమూ అంటాం. తీరానికి అవతలి కొసన ఉంటుంది. నాలుగింటికి లేచి మూడు బస్సులు మారుతుంది. ఇంటికెళ్లేసరికి పిల్ల నిద్రపోతుందట. ఇవాళ అక్క వేళ్లు ఒక్కొక్కటే వంచుతూ, రైలొస్తే నలభై నిమిషాలే టీచరమ్మా, మిమ్మల్ని ఇంత సేపు ఇలా ఉంచనా అంది. ఫ్లాట్ కోసం అప్లికేషన్ కూడా తెచ్చుకుందట. బ్యాగులోంచి తీసి చూపించింది. నాలుగు మడతలు. ఎనిమిదో అంతస్తొచ్చినా పర్లేదు, మీ ఎదురుగానే ఉంటా, కిటికీలోంచి కేకేస్తే చాలు అని నవ్వింది.

అక్క కూడా నవ్వింది. నేను పేపరు అడ్డం పెట్టుకున్నాను.

ఫిబ్రవరి 16, ఆదివారం

అసోసియేషన్ మీటింగు. ఇలా ఇళ్లున్నవాళ్లమే సంతకాలు పెడితే మనల్ని స్వార్థపరులంటారు, ఇక్కడ పనిచేసేవాళ్ల సంతకాలు కూడా ఉండాలి అన్నాను. వాచ్‌మెన్లు, డ్రైవర్లు, ఇంట్లో పనిచేసేవాళ్లు. రూల్లో కూడా ఇక్కడ నివసించే లేదా పనిచేసే ఎవరైనా అభ్యంతరం పెట్టొచ్చనే ఉంది. చప్పట్లు. ఇది మాకెవరికీ తట్టలేదు సార్ అన్నాడు పళ్ల డాక్టరు.

వాళ్లకి తట్టదు. జీవితమంతా శ్రామికుల గురించి రాసినవాడికే తడుతుంది.

ఫిబ్రవరి 20, గురువారం

యాభై ఎనిమిది వచ్చాయి, మీ ఇంట్లోంచి ఇంకా రాలేదు సార్ అని పొద్దున్నే ఫోను. ఐడియా ఇచ్చినవాడి ఇంట్లోంచే లేకపోతే ఏం బాగుంటుంది?

పదకొండింటికి సిస్టర్ మాత్రలు విడదీస్తోంది. కాగితం ముందు పెట్టాను. దేని గురించి సార్ అంది. ఇక్కడి పాత ఇళ్లు కూలగొట్టొద్దని, అన్నాను. కాగితంలో అదీ ఉంది, అబద్ధం కాదు. పెన్ను తీసుకుని, మరి రైలొస్తుందా సార్ అని అడిగింది.

రైలు సంగతి వేరు, అన్నాను.

మీరు రాశారంటే మంచికే అయ్యుంటుంది అని పెట్టేసింది. గుండ్రటి అక్షరాలు, పూర్తి పేరు. రెండేళ్లుగా మా ఇంట్లో ఉన్న మనిషి పూర్తి పేరు నాకు ఇవాళే తెలిసింది. కింద, సంతకం తీసుకున్నవారు అనే గీత మీద నాది.

అక్క గదిలోంచి, ఏం కాగితంరా అది అని కేకేసింది. ఏం లేదన్నాను.

మార్చి 8, శనివారం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పబ్లిక్ హియరింగ్. హాలు కిక్కిరిసిపోయింది. మనిషికి మూడు నిమిషాలు. నేను నాలుగు మాట్లాడాను. ఇది ఇళ్లున్నవాళ్ల గొడవ కాదు, ఆ ఇళ్లలో చెమటోడ్చే అరవై ఒక్క మంది శ్రామికులు సైతం వద్దంటున్నారు, వాళ్ల గొంతు వినండి అన్నాను. చప్పట్లు. వెనకనించి ఈల కూడా. కూర్చున్నాను. ఒళ్లంతా వేడెక్కి, ఇరవై ఏళ్లప్పుడు మీటింగుల్లో ఉన్నట్టే ఉంది.

తర్వాత ప్లాన్ కావాలనేవాళ్ల వంతు. ఆఫీసరమ్మ ఒక పేరు పిలిచింది. ఎవరబ్బా అనుకున్నాను. లేచింది సిస్టర్. ఇస్త్రీ చీర, భుజాన అదే బ్యాగు. మొన్న సెలవడిగితే ఎందుకని కూడా అడగలేదు నేను.

నమస్కారమండీ, నేను రోజూ మూడు బస్సులు మారతానండీ అంది. చేతిలో చిన్న చీటీ, రాసుకొచ్చుకుంది. రెండో వాక్యం మొదలుపెట్టేలోపు గుమాస్తా వంగి ఆఫీసరమ్మ చెవిలో ఏదో చెప్పాడు. కాగితం తీశారు. మీరు అభ్యంతరం పెట్టారు కదమ్మా, నూట పద్నాలుగో నంబరు, ఈ సంతకం మీదేనా అని అడిగింది ఆఫీసరమ్మ. సిస్టర్ దగ్గరికెళ్లి చూసింది. చాలాసేపు చూసింది. నాదేనండీ అంది.

స్టేషన్ రాకముందే పట్టాలు మార్చేసిందిరోయ్ అన్నాడెవడో. హాలంతా నవ్వు. నా పక్కన పళ్ల డాక్టరు కూడా, పళ్లన్నీ కనపడేలా.

ఎవరు పెట్టించారమ్మా అని ఆఫీసరమ్మ మెల్లగానే అడిగింది. సిస్టర్ ఇటు తిరిగింది. నన్ను చూసింది. నేను వాటర్ బాటిల్ మూత బిగిస్తున్నాను. బిగిసిన మూతనే మళ్లీ బిగిస్తున్నాను. ఎవరూ కాదండీ, చదవకుండా పెట్టాను, నాదే తప్పు అంది.

రెండూ కుదరవమ్మా, రాతలో ఉన్నదే లెక్క అంది ఆఫీసరమ్మ. మార్చుకోవాలంటే శుక్రవారం అయిదింటి లోపల రాసివ్వాలట. సంతకం తీసుకున్నవాళ్లు కూడా, సరిగ్గా చెప్పకుండా తీసుకున్నామని రాసివ్వాలట.

ఆమె చీటీ మడిచి బ్యాగులో పెట్టుకుని కూర్చుంది. నేను లేవాల్సింది. మైకు రెండడుగుల దూరంలో ఉంది. పద్దెనిమిదేళ్లలో మైకు అందేంత దూరంలో ఉండి నేను లేవకపోవడం ఇదే మొదలు.

మార్చి 9, ఆదివారం

సిస్టర్ రాని రోజు. హాయిగా ఉంది. ఈ మాట రాసి పది నిమిషాలైంది, కొట్టెయ్యలేదు.

మార్చి 10, సోమవారం

ఏడున్నరకే వచ్చింది. దుప్పటి మార్చింది, మాత్రలిచ్చింది, వేళ్లు వంచింది. నేను బాత్‌రూమ్‌లో ఎక్కువసేపు ఉన్నాను.

వెళ్లేముందు చేతులు తుడుచుకుంటూ, సార్, శుక్రవారం లోపల ఆ కాగితం రాసివ్వాలట, రాస్తారా అంది. నిష్ఠూరమాడలేదు. తప్పకుండా అన్నాను.

మీకు రాయడం ఎంతసేపు సార్, అంది.

మార్చి 12, బుధవారం. ఉదయం 6

మూడో డ్రాఫ్ట్. మొదటి పేరా బాగా కుదిరింది. మధ్యతరగతి మేధావి తన గది కిటికీకి బందీ అయిన తీరు గురించి. ఇది కేవలం ఆఫీసుకిచ్చే కాగితం కాకూడదు. కాలమ్‌గా కూడా వెయ్యొచ్చు.

మార్చి 13, గురువారం

అంతా అక్కకి చెప్పేశాను. ఆ లెటర్ చదువు అంది. రెండు పేజీలూ చదివాను. కళ్లు మూసుకుని వింది.

నీ మనస్సాక్షి ఏడుసార్లొచ్చిందిరా, సిస్టర్ ఒక్కసారి కూడా రాలేదు అంది. లెక్కల టీచరు కదా, వేళ్లు పనిచేయకపోయినా లెక్క తప్పదు. ఆమెకి అబద్ధం చెప్పి సంతకం తీసుకున్నాను, అని ఒక్క ముక్క రాసి పడెయ్యి, దానికింత సాహిత్యం ఎందుకు, అంది.

ముగింపు మార్చాలి.

మార్చి 14, శుక్రవారం. సాయంత్రం 4.20

లెటర్ రెడీ. ఆఫీసు నడిచి వెళ్తే ఇరవై నిమిషాలు. చొక్కా వేసుకున్నాను. పళ్ల డాక్టరు ఫోను. ఏమీ తెలియదు అతనికి, ఊరికే చేశాడు. మీ స్పీచ్ అందరి ఫోన్లలో తిరుగుతోంది సార్ అన్నాడు. ఒక్క సంతకం అబద్ధమని తేలితే మిగిలిన అరవై కూడా అడుగుతారు. పెట్టించింది నేనని పేపర్లో వస్తుంది. నా పేపర్లోనే.

5.10

చొక్కా విప్పేశాను. రేపు ఇస్తాను.

మార్చి 17, సోమవారం

శని, ఆదివారాలు ఆఫీసుండదు. ఇవాళ వెళ్లాను. గుమాస్తా కవరు తిప్పి చూసి, శుక్రవారం ఆమె వచ్చింది సార్ అన్నాడు. మూడింటినించీ ఆ బెంచీ మీదే కూర్చుందట. మా సార్ తెస్తారు, దార్లో ఉంటారు అందట. అయిదున్నరకి తలుపు వేస్తుంటే లేచిందట. మీరేనా ఆ సార్ అని అడిగాడు.

శుక్రవారం మధ్యాహ్నం పిల్లకి ఒంట్లో బాగాలేదని తొందరగా వెళ్లింది. మేమిద్దరం ఆమె చెప్పిందే నమ్మాం.

గడువు మర్చిపోయానని రాయబోయాను ఇక్కడ. మర్చిపోలేదు. ఈ డైరీ ఎవరూ చదవరు, ఇక్కడ కూడా అబద్ధమా?

మార్చి 18, మంగళవారం

క్షమించమని అడిగాను. పర్లేదు సార్, మీరు బిజీ అంది. నా పళ్లెం ఎప్పుడూ తనే తీసేది. ఇవాళ టేబుల్ మీదే వదిలేసింది. నేనే కడుక్కున్నాను.

ఏప్రిల్ 10, గురువారం

తీర్పొచ్చింది. ఒడ్డు వెంబడి రైలు లేదు. స్టేషన్ లేదు. ఐస్ ఫ్యాక్టరీ స్థలం అలాగే ఉంటుంది. రిపోర్టు పద్నాలుగో పేజీలో, ఈ ప్రాంతపు శ్రామికులు సైతం వ్యతిరేకించినందున, అని ఉంది. సైతం. నా మాటే. ఎత్తి అలాగే పెట్టారు. ఇన్నేళ్లలో నా వాక్యం ఒక్కటి కూడా ప్రభుత్వాన్ని కదిలించలేదని ఏడ్చేవాణ్ణి. కదిలింది.

పళ్ల డాక్టరు బొకే తెచ్చాడు. అది ఎక్కడ పెట్టాలో తెలియలేదు. సిస్టరే తీసుకుని నీళ్లలో పెట్టింది.

ఏప్రిల్ 22, మంగళవారం

నెలాఖరుకి మానేస్తానంది. వాళ్లింటి దగ్గర ఆసుపత్రిలో పని దొరికిందట, నడిచి వెళ్లేంత దూరమట. జీతం తక్కువే. రైలు రానందుకా అని అడిగాను. ఎందుకడిగానో.

అబ్బే, రైలు సంగతి వేరు సార్, అంది.

ఏప్రిల్ 30, బుధవారం

అక్క ఏడ్చింది. సిస్టర్ నాకు వేళ్లు వంచడం నేర్పింది. ముందు బొటనవేలు, తొందరపడకూడదు సార్, ఆమె నొప్పి అంటే ఆగాలి అని రెండుసార్లు చెప్పింది. అప్లికేషన్ కాగితం బ్యాగులోంచి తీసి, అక్క మాత్రల డబ్బా కింద పరిచి వెళ్లింది. నాలుగు మడతలు.

మే 6, మంగళవారం

నాలుగింటికి, ఎండ కళ్లల్లో పడుతోంది, అడ్డం నిలబడరా అంది అక్క. నిలబడ్డాను. ఆరు దాటేదాకా.