గాదె దగ్గర మూడు పిలుపులు

అక్కకి నమస్కారాలు.

ఇక్కడ మేం బాగానే ఉన్నాం. నీ మరదలికి దగ్గు తగ్గింది. నువ్వూ, నా మేనకోడలూ కులాసాగా ఉన్నారనుకుంటాను.

బళ్లో పిల్లలకి శరత్కాలపు పండగల పాఠం చెప్పాలి, మీ ధాన్యం గోదాములో నాలుగు దేశాలవాళ్లున్నారు కదా, కనుక్కుని రాయమన్నావు. అడిగాను. తూకం వేసే ముసలాయన వాళ్లవైపు కోతలయ్యాక పోయినవాళ్లకి ఒక కంచం పెడతారట. ఆ కంచం ముందున్న కుర్చీలో ఎవరూ కూర్చోరు. లారీ డ్రైవరు వాళ్లు చివరి గుప్పెడు కంకులు కొయ్యకుండా పొలానికే వదిలేస్తారు. ఎందుకని అడిగితే, "మా తాత వదిలాడు, నేనూ వదిలాను. పోలీసులా ఆరాలు తియ్యకు" అన్నాడు. ఊడ్చే ఆవిడ ఊళ్లో ఆ వారమంతా కిటికీలో దీపం ఆర్పరు. పోయినవాళ్లు దారి తప్పకుండానట.

మా గోదాము సెలవు సంగతీ అడిగావు. ఏటా చివరి లోడు వెళ్లిన రోజు మోటారు ఆపేసి, ఒకడు ధాన్యం పోసే మేడంత ఇనప గాదె పైమూతి దగ్గర నిలబడి లోపలికి మూడుసార్లు పిలుస్తాడు. కాసేపు ఆగి అందరం ఇళ్లకి పోతాం. పెద్దల్ని పిలవడమని ముసలాయన, ఎలకల్ని తోలడమని డ్రైవరు. నేను కలగజేసుకోలేదు.

అది మొదలై ఏడేళ్లే అక్కా. బావ పోయిన ఏడాది, వాళ్లింకా పనిలో చేరకముందు.

బావ కాలు జారి గాదెలో పడ్డాడని నీకు చెప్పింది నేనే. జారలేదు. గట్టిపడిన ధాన్యాన్ని పొడిచి వదులు చెయ్యడానికి లోపలికి దిగాడు. వాన కమ్ముకొస్తోంది, కింద లారీ ఆగి ఉంది. "బావా" అని ఒక్కసారి పిలిచాను. పలకలేదు. పైకొచ్చేశాడులే అనుకుని, లారీలోకి ధాన్యం వదిలే అడుగు తలుపు తీశాను. ధాన్యం బావని కిందికి లాక్కుపోయింది.

మొదటి పిలుపుకి బావ ఎప్పుడు పలికాడు? "ఇంటల్లుణ్ణిరా, మూడుసార్లు పిలిపించుకోందే పలకను" అని అన్నానికి పిలిచినా నన్ను ఏడిపించేవాడు. అది తెలిసి కూడా రెండోసారి పిలవలేదు.

తర్వాత మేస్త్రీ, "ఇకమీదట పిలవకుండా ఎవడూ తలుపు ముట్టుకోకూడదు. ఎన్నిసార్లు పిలుద్దాం?" అన్నాడు. మూడు అన్నాను. మూడే ఎందుకని ఎవరూ అడగలేదు. తలుపు తీసేముందు పిలిచే ఆ పిలుపే, మోటారు ఆపేసే చివరి రోజుకి కూడా ఆనవాయితీ అయిపోయింది.

ఇన్నేళ్లూ ఏదో వంక చెప్పి తప్పించుకున్నాను. ఈ ఏడు పిలిచే వంతు నాది, నెలాఖరున. మిగతావాళ్లు "ఓయ్" అంటారు. నేను "బావా" అని పిలవొచ్చో లేదో నువ్వు చెప్పాలి. పాఠంలో ఏం రాస్తావో నీ ఇష్టం.

ఇట్లు,
ఇప్పటివరకూ నీ తమ్ముడు