డ్రైవరుగారి కోటు బొత్తాలు

అత్తయ్యగారికి మీ అల్లుడు నమస్కారాలతో రాసే సంగతులు.

ఇక్కడ మేం ముగ్గురం కులాసా. అక్కడ మీరూ, మీ మోకాలూ, మీ కుట్టుమిషనూ ముగ్గురూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇన్నాళ్ళూ మా ఇంట్లో నాలుగో మనిషిలా తిష్ఠ వేసిన ఇంజను ఇప్పుడు లేదు. భోజనాల బల్ల మీద మళ్ళీ భోజనాలే చేస్తున్నాం. నేను కొత్త ఇంజను మొదలుపెడతానేమోనని భయం కాబోలు, మీ అమ్మాయి ఆ బల్లని ఒకటికి రెండుసార్లు తుడిచి గుడ్డ పరిచేస్తోంది.

ముందు మీరు అడిగినవాటికి జవాబులు. మీ అమ్మాయి మెడనొప్పి తగ్గింది. తలగడ మార్చమని నేను చెబితే వినలేదు, మీరు రాసిన రోజే మార్చింది. మీ మనవరాలికి ముందుపన్ను ఊడింది. పళ్ళ సెట్లు కట్టే తండ్రి ఇంట్లో ఉండగా బోసినోటితో తిరగడం దానికి నామోషీ అట. "నాన్నా, అందరికీ చేస్తావు కదా, నాకొక్కటి చెయ్యలేవా?" అని వెంటపడుతోంది. కొత్తది దానంతటదే వస్తుందంటే నమ్మదు. మీరు కుట్టి పంపిన కర్టెన్లు కిటికీకి అతికినట్టు సరిపోయాయి. నేను పంపిన కొలతలు పక్కన పడేసి, మీరు ఇక్కడున్నప్పుడు కంటితో చూసినదాన్ని బట్టే కుట్టి ఉంటారని మీ అమ్మాయి అనుమానం. వంటింటి కుళాయి మాత్రం ఇంకా కారుతోంది. దాని గురించి దయచేసి నన్నేమీ అడక్కండి.

ఇక ఆఖరి ప్రశ్న. "బొత్తాల సంగతి రాసినప్పట్నుంచీ అల్లుడుగారు ఒక్క ముక్క రాయలేదు. నా మీద కోపం వచ్చిందేమో కనుక్కో" అని మీ అమ్మాయికి రాశారు. అత్తయ్యగారూ, కోపం కాదు. జరిగినదంతా మొదటినుంచీ చెబుతాను, మీకే తెలుస్తుంది.

నా పిచ్చి మీకు తెలిసిందే. పగలంతా డాక్టరుగారి ఆసుపత్రి వెనక గదిలో కూర్చుని ఊళ్ళోవాళ్ళకి పళ్ళు కడతాను. సాయంత్రం ఇంటికొచ్చి ఎవరూ పేరు వినని పరదేశపు రైలింజన్లని ఇత్తడి రేకుతో అరచేతిలో పట్టేటంత కడతాను. "ఎవరి ఊరి రైలో మీకెందుకు బాబూ?" అని మీరొకసారి అడిగితే నవ్వేసి ఊరుకున్నాను. చెప్పడానికి సిగ్గుపడ్డాను గానీ జవాబుంది. పెద్ద పెద్ద రైళ్ళకి పుస్తకాలున్నాయి, మ్యూజియాలున్నాయి, వాటిని కట్టేవాళ్ళు బోలెడుమంది. ఎక్కడో ఉప్పు మోసీ, బొగ్గు మోసీ, ఒకనాడు తుక్కు కింద పోయిన బుల్లి ఇంజనుకి ఎవరున్నారు? అదీ ఒకప్పుడు పొద్దున్నే కూతపెట్టి ఒక ఊరిని నిద్రలేపిందే కదా అనిపిస్తుంది. అంతకు మించిన కారణమేమీ లేదు.

మీరు మా గోడమీద చూసిన ఫోటో అలాంటి ఇంజనుదే. సముద్రపు ఒడ్డున ఉప్పు మళ్ళ నుంచి రేవుదాకా ఉప్పు మోసిన ఇరుకు పట్టాల రైలు అది. కంపెనీ మూతపడింది, ఇంజనుని ముక్కలుగా కోసి అమ్మేశారు, నక్షలూ కాగితాలూ ఏవీ మిగల్లేదు. మిగిలింది ఆ ఒక్క ఫోటోనే. ఇంజను పక్కన కోటు తొడుక్కుని, పెళ్ళికొడుకులా బిగుసుకుని నిలబడ్డాడే, ఆయన దాని డ్రైవరు. ఆయన కూతురు ఇంకా ఉంది. కూతురంటే చిన్నపిల్ల కాదు, మీకన్నా చాలా పెద్దావిడ. నేను ఇలాంటి రైళ్ళ కోసం వాళ్ళనీ వీళ్ళనీ ఆరా తీస్తుంటే ఆవిడ మనవడి దాకా కబురు చేరి, అతను ఆ ఫోటో నకలు పంపాడు. "మా అమ్మమ్మకి వాళ్ళ నాన్న ఇంజనుని ఒక్కసారి చేతికి ఇవ్వగలరా?" అని అడిగాడు. నా ఇంగ్లీషూ అతని ఇంగ్లీషూ కలిపితే ఒక మనిషికి సరిపోతుంది, అయినా ఆ మాట ఇద్దరికీ అర్థమైంది. చేసి ఇస్తానని మాటిచ్చాను.

ఆ ఇంజనులోకి ఎక్కడానికి ఒక్కవైపే దారి. తలుపు, దాని కింద ఒకే ఒక్క మెట్టు, మెట్టు ముందు నీళ్ళ పంపూ దాని గొట్టాలూ, అన్నీ ఫోటోలో కనపడే వైపే ఉన్నాయి. తలుపులోంచి అవతలి వెలుతురు కనపడదు కాబట్టి, ఉప్పుగాలి కొట్టే రెండో పక్కని రేకుతో మూసేశారని పోల్చుకున్నాను. ఆ సంగతి కనిపెట్టినందుకు నన్ను నేనే మెచ్చుకుని రెండు రోజులు ఇంట్లో గొప్పలు చెప్పుకున్నాను. రేకు మీద రివెట్ల తలలు ఒక్కొక్కటీ వెనకనుంచి సూదిమొనతో నొక్కి లేపాలి. మీరు మీ అమ్మాయికి ఇచ్చిన సూదుల డబ్బా అలాగే ఖాళీ అయింది, ఆ సంగతీ మీకు తెలియాలి. మొత్తానికి ఇంజను పూర్తయింది. నల్లరంగు వేసి, పక్కన తెల్లగా ఎనిమిది అంకె దిద్ది, కిటికీలో ఆరబెట్టాను.

సరిగ్గా అప్పుడే మీ ఉత్తరం వచ్చింది. రాయవలసినవన్నీ రాసేశాక, చోటు చాలక అంచున అడ్డంగా ఇరికించి రాశారు: "అల్లుడుగారూ, గోడమీది ఫోటోలో ఆ డ్రైవరు కోటుకి బొత్తాలు ఆడవాళ్ళ కోటుకిలా ఎడమపక్కన ఉన్నాయేం? ఆ దేశంలో మగవాళ్ళు అలాగే కుట్టించుకుంటారా? ఊరికే అడిగాను."

ఊరికే అడిగారట!

తలవంచి నా చొక్కా చూసుకున్నాను. బొత్తాలు కుడిపక్క ఉన్నాయి. గోడ దగ్గరికెళ్ళి చూస్తే డ్రైవరుగారికి ఎడమపక్క ఉన్నాయి. పాపం హడావిడిలో పెళ్ళాం కోటు తొడుక్కొచ్చాడేమో అనుకున్నాను. అప్పుడు జేబు కనపడింది. గుండె మీద ఉండాల్సిన జేబు కుడిపక్కన ఉంది. మర్నాడు ఆసుపత్రిలో ఎవరొచ్చినా పళ్ళు మానేసి వాళ్ళ గుండీలు చూశాను. ఒకావిడ కొంగు సర్దుకుని, "ఈయన చూపు బాగాలేదు" అని డాక్టరుగారికి చెప్పింది. డాక్టరుగారు నా కళ్ళ పరీక్షకి చీటీ రాయబోయారు.

మీ అమ్మాయి ఆ ఫోటోని గోడమీంచి తీసి అద్దం ముందు పెట్టింది. అద్దంలో బొత్తాలు కుడికి వచ్చేశాయి, జేబు గుండె మీదికి వచ్చేసింది. దాంతోపాటే తలుపూ, మెట్టూ, పంపూ అన్నీ అటునుంచి ఇటు వచ్చేశాయి. ఎప్పుడో ఎవరో ఫోటో ముద్రించేటప్పుడు నెగటివ్‌ని తిరగేసి పెట్టేశారు. అంకెని చూసైనా తెలుసుకోవాల్సింది అంటారేమో, ఆ ఇంజను నంబరు ఎనిమిది! ఎనిమిదిని అద్దంలో చూసినా ఎనిమిదే. అలా నేను డ్రైవరుగారి ఇంజను కాకుండా దాని ప్రతిబింబాన్ని కట్టుకుని కూర్చున్నాను. పేషెంటు కుడి మనకి ఎడమ అని కొత్తగా పనిలో చేరినవాళ్ళకి రోజూ పాఠం చెప్పేవాణ్ణి నేనే అత్తయ్యగారూ.

ఆ వారంలోనే మనవడి నుంచి కబురు వచ్చింది. అమ్మమ్మ మంచం పట్టిందనీ, కళ్ళు తెరిచినప్పుడల్లా "ఇంజను వచ్చిందా?" అని అడుగుతోందనీ రాశాడు.

మళ్ళీ కట్టాను. రేకుల్ని తిరగేసి అతికిద్దామంటే కుదరదు, తిరగేస్తే ఉబ్బెత్తుగా ఉండాల్సిన రివెట్లన్నీ గుంటలైపోతాయి. చక్రాలూ బాయిలరూ పొగగొట్టమూ ఉంచుకుని, మిగిలినదంతా సెగ చూపించి టంకం కరిగించి ఊడదీశాను. మీ మనవరాలు ఇంజను ఎడమపక్కకి ఎర్రదారం కట్టి, "నాన్నా, దారం ఉన్నవైపే తలుపు, మర్చిపోకు" అని బడికి వెళ్ళేముందు రోజూ హెచ్చరించేది. ప్రతి ముక్కా అతికించేటప్పుడు మీ అమ్మాయి నా ఎదురుగా కూర్చుని ఫోటోకి అద్దం పట్టేది. ఆ మెడనొప్పి అలా వచ్చిందే, తలగడ తప్పేమీ లేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ నా బల్ల దగ్గర అంతసేపు కూర్చున్నది ఎప్పుడూ లేదు. "ఇది పంపా? మీ పంపులు బాగానే కడతారే, మన కుళాయేం పాపం చేసింది?" అని అంటూనే అద్దం కదలకుండా పట్టుకునేది. రోజూ ఇంటికి రాగానే పోస్టుమాన్ ఏం తెచ్చాడో కనుక్కున్నాకే బల్ల దగ్గర కూర్చునేవాణ్ణి, చెడ్డ కబురు తెచ్చాడేమోనని. తేలేదు. ఇంజను పంపించాను.

ఇక్కడితో ముగించేస్తే నేను మీకు బుద్ధిమంతుడిలా కనపడతాను. కానీ ఒక సంగతి మింగేశాను. అది చెప్పకుండా మీకు కృతజ్ఞతలు చెప్పడం నాకే బాగోలేదు.

నేను వెంటనే ఊడదీయలేదు. అద్దంలో చూసిన తర్వాత, అంతా తెలిసిన తర్వాత, ఆ తప్పుడు ఇంజనునే దూదిలో చుట్టి పెట్టెలో పెట్టి పార్సిలు కట్టేశాను. తలుపు కుడిపక్క ఉంటేనేం, ఎడమపక్క ఉంటేనేం, చెప్పగలిగినవాళ్ళు భూమ్మీద ఎవరున్నారు అనుకున్నాను. ఆవిడ పోయాక చేరే ఒప్పు ఇంజను కన్నా, ఉండగా చేరే తప్పు ఇంజను మేలు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. అందులో కొంత నిజముంది. కొంత నా బద్ధకం. ఎక్కువ భాగం పౌరుషం, అత్తగారు ఒక్కమాట అంటే చేసిన పనంతా విప్పుకోవాలా అని. అంతటితో ఆగకుండా మీకు జవాబు కూడా రాశాను. ఆ దేశంలో మగవాళ్ళు కోట్లు అలాగే కుట్టించుకుంటారని, కనుక్కున్నానని రాశాను. కవరు మీద మీ అడ్రసు కూడా రాసేశాను.

ఆ ఉత్తరం మీ అమ్మాయి చదివింది. అరుస్తుందనుకున్నాను, అరవలేదు.

"పార్సిలు సంగతి మీ ఇష్టమండీ. ఆ పెద్దావిడకి తెలియకపోతే పోవచ్చు" అంది. "మా అమ్మ మాత్రం ఊరికే అడిగింది. ఊరికే అడిగినదానికి కూడా అబద్ధం చెప్పాలా?"

కత్తెర తెచ్చి బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. పార్సిలు దారం నేనే కోశాను. మీకు ఇన్నాళ్ళూ రాయకపోవడానికి కారణం అది. నిజం రాయాలంటే మొహం చెల్లలేదు, అబద్ధం రాయడానికి మీ అమ్మాయి ఒప్పుకోలేదు.

మీరొస్తున్నారంటే నాకు కొంచెం బెరుకుగా ఉండేది. ప్రతిదీ అడుగుతారు, ప్రతిదాన్నీ పట్టి చూస్తారు. నా ఇంజన్లని వచ్చినవాళ్ళందరూ "భలే ఉంది" అని వెళ్ళిపోతారు. మీరొక్కరే ఆ ఫోటో ముందు నిలబడి, అందులో ఉన్న మనిషిని, ఆయన వేసుకున్న గుడ్డని కూడా చూశారు. నేను ఏడాది పైగా రోజూ చూసింది ఇంజనునే, ఆయన్ని ఒక్కసారీ సరిగ్గా చూడలేదు. మీకు నేను ఎంత కృతజ్ఞుణ్ణో ఎదురుగా ఉంటే చెప్పలేను, నసుగుతాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నిన్నగాక మొన్న మనవడి ఉత్తరం వచ్చింది. ఇంజను క్షేమంగా చేరింది, ఆవిడ ఉండగానే చేరింది. ఆవిడకి చూపు పోయి చాలా కాలమైందట. ఆ సంగతి ముందే చెబితే నేను పని మానేస్తానేమోనని దాచాడట. నా నల్లరంగు, నా తెల్ల అంకె ఏవీ ఆవిడ చూడలేదు. దిండ్లకి ఆనించి కూర్చోబెట్టి ఇంజనుని ఒళ్ళో పెడితే, తడిమి పొగగొట్టం ఎటుందో చూసుకుని, ఇంజను ముందువైపు తనకి అవతలగా ఉండేలా తిప్పుకుందట. తర్వాత ఎడమచెయ్యి నెమ్మదిగా పక్కకి జారి, పంపు దాటి, మెట్టు దగ్గర ఆగిందట. రెండు వేళ్ళు ఆ మెట్టు మీద ఆనించి, నడిపించినట్టుగా లోపలికి ఎక్కించిందట. చిన్నప్పుడు వాళ్ళ నాన్నకి భోజనం పట్టుకెళ్ళి, ఆ మెట్టెక్కి అందించేదట. ఆ సంగతి మనవడికి కూడా అంతకుముందెప్పుడూ చెప్పలేదట.

"అతను మన ఊరు ఎప్పుడూ రాలేదు కదా, మెట్టు ఇటుపక్కనే ఉండేదని అతనికి ఎవరు చెప్పారు?" అని అడిగిందట.

ఈ ఉదయం జవాబు రాసి పోస్టు చేశాను. మా అత్తగారు చెప్పారని రాశాను.

ఇట్లు,
మీ అల్లుడు