కుడి కన్ను

ఇంటి నుంచి,
ఆదివారం మధ్యాహ్నం.

చిరంజీవి అమ్మలుకి మీ నాన్న దీవించి రాసేది.

నువ్వు క్షేమమని తలుస్తాను. ఇక్కడ మేమూ క్షేమమే అని రాయాలి. దానికి చేయి రావడం లేదు. ఉన్నామని రాస్తున్నాను.

నీ ఉత్తరం అందింది. నువ్వు వచ్చినప్పుడు అమ్మ నిన్ను గుర్తుపట్టిందనీ, నీ చేత్తో తినిపిస్తుంటే కన్నీళ్లు పెట్టుకుందనీ, ఇక రైలు ఉద్యోగం మానేసి వచ్చేస్తాననీ రాశావు. నెలాఖరుకి రాజీనామా ఇస్తానన్నావు. అందుకే వెంటనే కూర్చుని రాస్తున్నాను. ఇవ్వద్దు.

ముందు ఇంటి సంగతులు. అమ్మ బట్టల బుట్టతో జారిపడి తల పగలగొట్టుకున్న మెట్టుకి ఇంటాయన సిమెంటు పూయించాడు. ఇప్పుడు పూసి ఎవర్ని ఉద్ధరిస్తావయ్యా అని నేననలేదు. పక్క కొట్టు టైలరు అన్నాడు. వాడి నోరు నీకు తెలుసుగా. వదిన అరుపుల్లేక ఎప్పుడు కొట్టు తియ్యాలో, ఎప్పుడు కట్టెయ్యాలో తెలీడం లేదన్నా అంటాడు. రోజూ పొద్దున్నే మన కిటికీ దగ్గర నిలబడి, ఏం వదినా, ఇవాళ తిట్లేం లేవా అని అడుగుతాడు. అమ్మ గోడకేసి చూస్తూ ఉంటుంది. కాసేపు చూసి వాడు మిషను దగ్గరికి పోతాడు.

నిన్న అమ్మని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. నువ్వు అడగమన్నది అడిగాను. మూతి వంకర తగ్గింది, రెప్ప ఇప్పుడు మూతపడుతోంది, ముఖం కుడివైపు దెబ్బ తిన్న నరం మళ్లీ పెరిగింది కదా, మెదడులోవి కూడా అలాగే పెరగవా అని. నాకు అంత నోరు లేదు కదా, దారంతా లోపల అనుకుంటూ పోయి అడిగేశాను.

పాపం, ఓపిగ్గానే చెప్పింది. దెబ్బ తిన్న నరం పెరగాలంటే ఒంట్లో కొన్ని ప్రోటీన్లు తోడుండాలట. అవే నరాన్ని బతికించి, ఇటు రా అని దారి చూపిస్తాయట. ముఖంలో అవి పనిచేశాయట. మెదడులో అలాంటివి చాలవట. పైగా గాయం మానిన చోట మచ్చ కడుతుందట, ఇక చాలు, ఆగు అనే ప్రోటీన్లు అక్కడ కాపలా కూర్చుంటాయట. గుడ్లలో ఉంటుందంటారే, ఆ ప్రోటీనేనా అమ్మా, రోజూ ఇంకోటి పెడతాను అన్నాను. నవ్వలేదు. అది తినేది బాబాయ్, ఇవి ఒంట్లోనే తయారయ్యేవి, బయటినుంచి ఎలా ఇవ్వాలో ఎలుకల మీద చూస్తున్నారు అన్నది. వాటికి నయమైందా అన్నాను. కొన్నిటికి, కొంచెం అన్నది. మరి మా ఆవిడకి ఎప్పటికి అన్నాను. బల్ల మీద కాగితాలు సర్దుకుంటూ, మాటా గుర్తూ తిరిగొస్తాయని మీకు ఆశ పెట్టలేను బాబాయ్ అన్నది.

నీకు ఇంజను ఇచ్చిన రోజు జ్ఞాపకముందా? అమ్మ నీ యూనిఫారం నా బల్ల మీద పరిచి తనే ఇస్త్రీ చేసింది. ఇన్నేళ్లు ఇదే పని చేసి బతికినవాణ్ని, నన్ను ముట్టుకోనివ్వలేదు. నేను చేస్తే మడత పోతుందట. తర్వాత వీధంతా తిరిగి, మా అమ్మాయి రేపట్నుంచి ఊళ్లో జనాన్నంతా లాక్కుపోతుంది, సామాన్లు సర్దుకోండి అని చెప్పొచ్చింది. అది వదిలిపెట్టి రావద్దు తల్లీ. ఇక్కడ చేసేదేమీ లేదు. పక్క మార్చడం, తుడవడం, తినిపించడం, ఆ ముఖం చూస్తూ కూర్చోవడం. దానికి నేనున్నాను. ఇల్లు ఇరుకు, నువ్వు పడుకోవడానికి చోటు లేదు అని కూడా రాద్దామనుకున్నాను. నువ్వు నమ్మవు.

ఇంతకంటే రాయడం నాకు రాదు. డ్యూటీలో వేళకి తిను.

మీ నాన్న.

తాజాకలం: మడిచిన కాగితం మళ్లీ విప్పాను. అసలు సంగతి రాయకపోతే నువ్వు ఆగవు.

నువ్వు వెళ్లాక నేను తినిపించినా అమ్మకి కన్నీళ్లు వచ్చాయి. టైలరు పెళ్లాం తినిపించినా వచ్చాయి. మనుషులు తెలుస్తున్నారనుకున్నాను. నిన్న నేను ఆస్పత్రికి ఉతికిన చొక్కా వేసుకుని వెళ్లింది, ముందు ఆ మాట చెబుదామనే. విని, ఏ కంట్లో నీళ్లు బాబాయ్ అని అడిగింది డాక్టరమ్మ. నేను చూడలేదు. నిమ్మచెక్క తెప్పించి అమ్మ నాలుక మీద పిండింది. కుడి కంటి నుంచి నీళ్లు కారాయి. ఎడమ కన్ను పొడిగా ఉంది.

నోట్లో నీళ్లు ఊరించవలసిన నరం, మళ్లీ పెరిగేటప్పుడు దారి తప్పి కన్నీళ్లు వచ్చే చోటికి పోయిందట. నాలుకకి రుచి తగిలితే నోటికి బదులు కన్ను ఊరుతోందట. అది ఏడుపు కాదట. ముఖంలో పెరిగిందని మనం సంతోషపడ్డామే, ఆ నరమే తల్లీ.

ఆ రోజు నువ్వు మంచానికి కుడివైపు కూర్చున్నావు. ఎడమ కన్ను నీకు కనపడలేదు.

ఎడమవైపు కూడా కుర్చీకి చోటుంది. నేను ఇప్పటికీ కుడివైపే కూర్చుని తినిపిస్తున్నాను.