నడుస్తున్న చక్రానికి బెల్టు

చంద్రా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ ఉదయం నంద్యాలలో నువ్వు మేస్త్రీగా చేసిన నూనె మిల్లుకు వెళ్ళాను. ప్రతి ప్రమాదం ఎలా జరిగిందో నువ్వు రాసిపెట్టిన నోటుపుస్తకాన్ని పనివాళ్ళకు చదివి వినిపించడానికి షావుకారు ఎట్టకేలకు ఒప్పుకున్నాడు.

అందరినీ కూర్చోబెట్టి చదివాను. దాదాపు అన్నీ ఒకలాగే జరిగాయి. జారిన బెల్టును ఇంజను ఆపకుండానే చక్రానికి ఎక్కించబోయారు. చివరి ప్రమాదం నీది. అది నేను రాశాను.

"మరి ఇంజను ఎందుకు ఆపరు?" అని అడిగాను.

"ఎవని కోసం ఆపితే వాడు అందరికీ టీ తాగించల్లమ్మా. అది ఈడ రివాజు," అన్నాడు బెల్టులు చూసే ఓబులేసు.

"టీ కంటే ఎగతాళి శానా ఎక్కువమ్మా," అని ఇంకొకడు నవ్వాడు.

ఇరవై ఏళ్ళుగా ఆ పని చేస్తున్నవాళ్ళకు, బెల్టు ముట్టి ఎరగని నేను చెప్పేదేమిటని నాకే అనుమానం వచ్చింది.

పని మళ్ళీ మొదలైన కాసేపటికే బెల్టు జారింది. ఓబులేసు చెయ్యి అలవాటుగా ముందుకు పోయింది. చక్రానికి జానెడు దూరంలో ఆ చెయ్యి ఆగింది.

"ఇంజను ఆపప్పా!" అని అరిచాడు.

"ఓబులేసుకు భయం పట్టుకునిందిరో!" అని పనివాళ్ళలో ఎవడో ఎగతాళిగా కేకేశాడు.

"అవునప్పా, పట్టుకునింది. ముందు ఆపు!"

చక్రం పూర్తిగా నిలిచాక ఓబులేసు బెల్టును రెండు చేతులతో నిదానంగా ఎక్కించాడు. ఆ పనికి ఎంతసేపు పడుతుందో నాకు ఇన్నాళ్ళూ తెలియదు, చంద్రా. ఒక బీడీ కాల్చినంత సేపు కూడా పట్టలేదు.

అక్క